పది పదమూడు బండి

మా తమ్ముడికి బుర్ర లేదని నేను ఎవరితోనూ అనను. బుర్ర ఉంది, మామూలు మనిషికి కావలసిన దానికన్నా ఎక్కువే ఉంది. అది ఏ వేళకు ఎక్కడ తిరుగుతుందో తెలియకపోవడమే మా ఇంటి బాధ. మొన్న డిసెంబరు ఆరో తారీఖు శనివారం పొద్దున బెల్జియంలో మా ఊరు లియేజ్ స్టేషన్లో, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఆ సంగతి నాకు మళ్ళీ ఒకసారి బాగా తెలిసివచ్చింది.

వాడి పేరు బోద్వాన్. యాభై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు. నాకు అరవై మూడు. మా ఆయన పోయి పంతొమ్మిదేళ్ళయింది, అప్పటినుంచీ అక్కాతమ్ముళ్ళం ఒకే ఇంట్లో ఉంటున్నాం. వాడి ఉద్యోగం రైళ్ళకు వేళలు పెట్టడం. ఊరూరా ఆగే బండ్లకు కాదు, దేశాలు దాటి గంటకు మూడు వందల కిలోమీటర్లు పోయే పెద్ద బండ్లకు. బ్రస్సెల్స్‌లో బయల్దేరిన బండి మా ఊళ్ళో ఎంతసేపు నిలబడాలి, సరిహద్దు ఎప్పుడు దాటాలి, అవతల జర్మనీ వాళ్ళ పట్టాలు ఎప్పుడు ఖాళీగా దొరుకుతాయి, ఇవన్నీ వాడు కూర్చుని లెక్కకడతాడు. ఆ లెక్కలు ఇవాళ్టివీ రేపటివీ కావు. కొత్త టైంటేబుల్ ఏడాదికోసారి డిసెంబరు నడిమధ్యన ఒక ఆదివారం యూరప్ అంతా ఒక్కసారే మొదలవుతుంది. దాన్ని ఏడాదీ ఏడాదిన్నర ముందే తయారు చేసుకోవాలి. కాబట్టి మా వాడికి ఈ ఏడాది ఎప్పుడూ నిరుడు కిందే లెక్క. వేసవిలో కూర్చుని వచ్చే చలికాలం బండ్ల గురించి దిగులు పడుతుంటాడు. పుట్టినరోజున కేకు కోస్తే, "యాభై తొమ్మిది నిండాయా?" అని నన్నే అడిగాడు. యాభై ఎనిమిదిరా నాయనా అని చెప్పుకోవలసి వచ్చింది.

ఇదే పని సరిహద్దు అవతల, కొలోన్‌లో కూర్చుని చేసే ఆవిడ పేరు రోస్‌విత ఎస్సర్. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున తొమ్మిదింటికి వీళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూసిన పాపాన పోలేదు. వీడు "ఎస్సర్ గారూ" అంటాడు, ఆవిడ "లాంబియోట్ గారూ" అంటుంది. మాట్లాడుకునేది నిమిషాల గురించే. సరిహద్దు దాటగానే వచ్చే ఆఖెన్‌లో ఒక్క నిమిషం తగ్గించమని ఈయన, తగ్గించనని ఆవిడ. అయితే సాయంత్రం భోజనాల దగ్గర, "ఎస్సర్ గారికి జలుబు చేసింది అక్కా, గొంతు బొంగురుగా ఉంది" అని వాడు అన్నం మానేసినంత పని చేస్తే, అవి ఒట్టి నిమిషాలు కావని తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నేను పదకొండేళ్ళూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వెళ్ళి చూడరా, గంట ప్రయాణమే కదరా అని. "పనేం ఉంది అక్కా వెళ్ళడానికి" అనేవాడు.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. మాంసం ఉండలు, వేయించిన బంగాళదుంపలు ముందు పెడితే ముట్టలేదు.

"ఏంట్రా?"

"ఎస్సర్ గారికి వియన్నా బదిలీ అయింది. సోమవారం అక్కడ చేరాలిట. రేపే ప్రయాణం."

"మరి నువ్వేమన్నావు?"

"శుభం అన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను తెచ్చి వాడి చేతిలో కుక్కాను. ఇంకా ఆఫీసులోనే ఉంటుంది, చెయ్యి, రేపు వస్తున్నానని చెప్పు, చెప్పకపోతే ఈ ఇంట్లో నీకు కాఫీ చుక్క కూడా పుట్టదని అన్నాను. వాడు నంబరు నొక్కాడు. నేను సిగ్గులేకుండా చెవి ఆనించి విన్నాను.

"ఎస్సర్ గారూ, నేను... రేపు కొలోన్ వద్దామని. పది పదమూడు బండికి."

అవతలనుంచి నెమ్మదైన గొంతు వినిపించింది. "పది పదమూడు. ఇక్కడికి పదకొండు పదికి చేరుతుంది. ప్లాట్‌ఫారం మీద ఉంటాను. నా వియన్నా బండి పన్నెండు యాభై మూడుకి."

ఫోను పెట్టేసి మా వాడు, "గంటా నలభై మూడు నిమిషాలు అక్కా" అన్నాడు. పదకొండేళ్ళుగా నోట్లో నాన్చిన మాట చెప్పడానికి వాడికి దొరికిన వ్యవధి అది. ఆ మాట చెప్పకుండా తిరిగి రాడని నిశ్చయం చేసుకోవడానికే నేను కూడా వెంట బయల్దేరాను.

మర్నాడు తొమ్మిదీ పదిహేనుకల్లా స్టేషన్లో ఉన్నాం. వాడు నీలం సూటు వేసుకున్నాడు. ఆవిడకివ్వమని చేతిలో మా ఊరి ఆపిల్, బేరిపళ్ళ పాకం సీసా, రంగు కాగితం చుట్టి ఇచ్చాను. తొమ్మిదీ ఇరవై నాలుగుకు ఎర్ర బండి ఒకటి వచ్చి మా ముందే ఆగింది. నుదుటి మీద కొలోన్ అని రాసి ఉంది.

"ఒరేయ్, ఇదీ కొలోన్‌కేనట. ఎక్కేద్దాం పద, ఇంకా ముందే చేరతాం" అన్నాను.

వాడు ఆ బండిని అనుమానంగా కిందికీ పైకీ చూశాడు. "ఈ బండి లేదక్కా."

"లేకపోవడమేమిట్రా, కళ్ళముందు నిలబడితే!"

"దీన్ని నేను తీసేశాను. ఎందుకొచ్చిందో మరి. ఏదో అదనపు బండి అయ్యుంటుంది. మనకి పది పదమూడు ఉంది కదా. అది ఎస్సర్ గారూ నేనూ కలిసి వేసిన బండి, ఆఖెన్‌లో రెండు నిమిషాలు తగ్గించాం. ఆవిడ దగ్గరికి దాంట్లోనే వెళ్ళాలి."

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో కనిపించిన వెలుగు చూసి నేను నోరు మూసుకున్నాను. బండ్లు వేసేవాడికి తెలియదా నాకు తెలుస్తుందా అనుకున్నాను. ఎర్ర బండి తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది. ఆ క్షణంలో వాణ్ణి మెడపట్టి లోపలికి తోసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పది దాటింది. బోర్డు మీద నమూర్ బండి ఉంది, బ్రస్సెల్స్ బండి ఉంది, ఎక్కడెక్కడివో బండ్లున్నాయి. కొలోన్‌కి పది పదమూడు మాత్రం లేదు.

"బోర్డు చెడిపోయినట్టుంది" అన్నాడు బోద్వాన్.

"మిగతా బండ్లన్నీ కనబడుతున్నాయి కదరా."

"ఒక్క వరసే చెడిపోయి ఉంటుంది."

అటుగా పోతున్న స్టేషన్ ఉద్యోగి ఫిర్మాన్‌ని పిలిచాను. నాకు ముఖపరిచయం ఉన్న మనిషే, నెరిసిన మీసాలు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు.

"బాబూ, పది పదమూడు కొలోన్ బండి ఏ ప్లాట్‌ఫారం?"

"పది పదమూడా? అలాంటి బండి లేదమ్మా."

"మూడో నంబరు" అన్నాడు మా తమ్ముడు, అతనికి సాయం చేస్తున్నట్టు. "నాలుగు నిమిషాలు ఆగుతుంది."

"సార్, నేను పదహారేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నా. పది పదమూడు బండి లేదు."

"నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా బండ్లు వేస్తున్నాను. ఉంది."

"ఉంటే చూపించండి మరి."

"వస్తే చూస్తారు కదా!"

ఫిర్మాన్ నా వైపు చూశాడు. నేను తెల్లమొహం వేశాను. ఇద్దరూ రైల్వే మనుషులే, ఇద్దరూ ఒట్టేసి చెబుతున్నారు, నేనెవరిని నమ్మాలి? ఫిర్మాన్ తన చేతిలో ఫోనులాంటి దాన్ని నొక్కి చూశాడు, తల గోక్కున్నాడు, ఇంకోసారి నొక్కాడు. "ఒక్క నిమిషం, పైవాళ్ళని అడుగుతా" అని వెళ్ళిపోయాడు. మా వాడి ధీమా చూసి అతనికి కూడా అనుమానం పట్టుకుంది పాపం.

ఇంతలో చిన్న కుక్కను చంకన పెట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. "ఏమండీ, మీరు ఇప్పుడొచ్చే బండి గురించి మాట్లాడుకుంటున్నారు కదూ? అది తొందరగా వస్తుందా?"

"సరిగ్గా పది పదమూడుకి వస్తుందండీ" అన్నాడు బోద్వాన్. "మీరు ఏడో పెట్టె దగ్గర నిలబడండి, అక్కడ కుక్కలకి చోటెక్కువ."

ఆవిడ వెళ్ళి ఏడో పెట్టె ఆగేచోట నిలబడింది. ఆవిణ్ణి చూసి ఒక పడుచుజంట వెళ్ళి పక్కన నిలబడ్డారు. సూట్‌కేసు లాక్కుంటూ ఇంకొకాయన వచ్చి వాళ్ళ వెనక చేరాడు. పది పదికల్లా లేని బండి కోసం ప్లాట్‌ఫారం మీద తొమ్మిదిమంది వరసగా నిలబడి ఉన్నారు. అంతమందిని చూసేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఇంతమంది ఎదురుచూస్తుంటే బండి లేకుండా ఎలా పోతుంది అనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

పది పదమూడు అయింది. పట్టాలు ఖాళీగా ఉన్నాయి. పది పదిహేను అయింది. పెద్దావిడ కుక్క మొరిగింది. ఆవిడ మా దగ్గరికొచ్చి, "ఏమండీ, నేను అసలు నమూర్ వెళ్ళాలి. మీరు గట్టిగా చెబుతుంటే ఇదే నా బండేమో అనుకున్నాను" అంది. ఆవిడ నమూర్ బండి ఒకటో ప్లాట్‌ఫారం నుంచి అప్పుడే కదిలి పోతోంది. ఆవిడ తిట్టిన తిట్లు కుక్క కూడా తలొంచుకుని వింది.

బోద్వాన్‌కి అవేవీ వినబడలేదు. పట్టాలకేసి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"అక్కా, ఇవాళ తారీఖెంత?"

"ఆరు. నికొలస్ పండగ. నికొలస్ వేషం వేసిన ఆ గడ్డాలాయన పిల్లలకి బిస్కెట్లు పంచుతుంటే కనబడ్డంలేదూ?"

"ఆరేనా? పద్నాలుగు దాటలేదా?"

"ఆరు తరవాత ఏడు వస్తుందిరా. పద్నాలుగుకి ఇంకా వారం పైనుంది."

వాడు బెంచీ మీద కూర్చున్నాడు. "పది పదమూడు పద్నాలుగో తారీఖు నుంచి మొదలు" అన్నాడు చిన్న గొంతుతో. "అది కొత్త టైంటేబుల్లో బండి. ఏడాదిన్నరగా రోజూ దాంతోటే ఉన్నాను అక్కా. అది రోజూ తిరుగుతున్నట్టే ఉంది నాకు. ఇందాక వచ్చిన ఎర్రబండే ఇవాళ్టి బండి."

నేను అరవలేదు. అరుద్దామని నోరు తెరిచాను గానీ, వాడి ఒళ్ళో ఆ పాకం సీసా చూసి మనసొప్పలేదు. "సరే, ఇవాళ్టి లెక్కన దీని తరవాత బండి ఎప్పుడు?" అని మాత్రం అడిగాను.

వాడు వేళ్ళమీద ఏదో లెక్కపెట్టాడు. "తెలీదు" అన్నాడు.

"తెలీదా?"

"ఇవాళ్టి టైంటేబుల్ నేను రెండేళ్ళకిందట వేశాను. మర్చిపోయాను అక్కా."

రైళ్ళకి వేళలు పెట్టేవాడికి ఆ పూట రైలు ఎప్పుడో తెలియలేదు. ఫిర్మాన్ వచ్చి, పైవాళ్ళు కూడా పది పదమూడు లేదన్నారని, తరవాతి పెద్దబండి పన్నెండు ఇరవై నాలుగుకని చెప్పాడు. అది కొలోన్ చేరేసరికి ఆవిడ వియన్నా దారిలో ఉంటుంది.

"ఆవిడకి ఫోను చెయ్యి" అన్నాను.

"ఆఫీసు నంబరే ఉంది. ఇవాళ శనివారం."

"పదకొండేళ్ళు మాట్లాడి సెల్ నంబరు అడగలేదా!"

"ఆఫీసులో ఉంటారు కదా అక్కా రోజూ."

అయినా చేశాడు. చాలాసేపు మోగి, సోమవారం పనివేళల్లో సంప్రదించండని ఏదో యంత్రం మాట్లాడింది. సోమవారం నాడు ఆ కుర్చీలో ఆవిడ ఉండదు.

అప్పుడు నేను వాడి రెక్క పట్టుకుని లేవదీశాను. ప్రతి రెండువారాలకూ నేను ఆఖెన్ వెళ్తాను. మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళలాగే సబ్బులూ, బట్టల పొడీ అక్కడే కొంటాను, అక్కడ చవక. వెళ్ళేది ప్రతి ఊళ్ళోనూ ఆగే చిన్నబండిలో. పది ముప్పై ఆరుకి ఒకటి ఉంది, ఆఖెన్‌లో దిగితే పదకొండు యాభై ఒకటికి కొలోన్ బండి ఉంటుంది. అది పన్నెండు నలభై మూడుకి దింపుతుంది. నాకు ఈ టైంటేబుల్ అంతా సబ్బు వాసనతో సహా తెలుసు.

"పద. పది నిమిషాలు మిగుల్తాయి మనకి."

"చిన్న బండా?" అన్నాడు వాడు అయోమయంగా. "దాంట్లో సరిహద్దు దాటొచ్చా?"

దేశాలమధ్య బండ్లు నడిపే మనిషి అడిగిన ప్రశ్న అది.

చిన్నబండి ఊరూరా ఆగింది. పెద్దబండ్లు కొండ కింద సొరంగంలో దూసుకుపోతాయి, ఇది మాత్రం ఏటి వెంబడి వంకర్లు తిరుగుతూ పోతుంది. బోద్వాన్ కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాడు. ప్రతి స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా గడియారం చూసి, "ఇక్కడెందుకు ఆగింది? ఎవరూ ఎక్కలేదే" అని గొణిగాడు.

"ఒకామె దిగింది, చూడు."

"ఒక్కామె కోసమా?"

"ఆ ఒక్కామె ఇల్లు ఇక్కడే మరి."

కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా, "ఆవిడ పదకొండు పదినుంచీ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుందక్కా" అన్నాడు. "ఏమనుకుంటుందో. వస్తానని రాలేదనుకుంటుంది. పిరికివాడనుకుంటుంది."

"అది నిజమే కదా."

"నిజమే. కానీ ఇవాళ కాదు."

ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేరేవైపు చూశాను.

"అసలు ఏం చెబుతావో అనుకున్నావా?" అని అడిగాను.

"అనుకున్నాను. ఇప్పుడేమీ గుర్తులేదు."

ఆఖెన్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద కాలుపెట్టే చోటు లేదు. క్రిస్మస్ సంతలకు పోయే జనం. ఎర్రటోపీలు, గంటలు కట్టుకున్న కొమ్ముల టోపీలు, పొద్దున్నే వేడి వైన్ తాగేసిన మొహాలు. కొలోన్ బండి పదిహేను నిమిషాలు ఆలస్యమని బోర్డు చెప్పింది. బోద్వాన్ ఆ పదిహేను చూసి కళ్ళు తేలేశాడు. వాడి లోకంలో నిమిషం అంటే నెలల తరబడి బతిమాలుకుని సంపాదించుకునేది. పదిహేను నిమిషాలు ఎవరో ఊరికే పారబోశారంటే వాడికి అర్థం కాలేదు.

"పన్నెండు యాభై ఎనిమిదికి చేరతాం. ఆవిడ బండి యాభై మూడు." పెదాలు కదిపి మళ్ళీ మళ్ళీ లెక్కకట్టాడు. ఎన్నిసార్లు కట్టినా అయిదు నిమిషాలు తక్కువే వచ్చింది.

"వెనక్కి పోదామా?" అని అడిగాను, వాడి మొహం చూడలేక.

"వద్దు. ఆ ప్లాట్‌ఫారం అయినా చూసి వద్దాం."

బండిలో నిలబడే వెళ్ళాం. ఒకడు మా మధ్యలో నిలబడి దారంతా పాటలు పాడాడు. పాకం సీసా నేను కోటు లోపల దాచాను. కొలోన్‌లో దిగి జనాన్ని తోసుకుంటూ వియన్నా ప్లాట్‌ఫారం ఎక్కేసరికి ఒంటిగంట దాటి ఒక నిమిషం. పట్టాల మీద బండి లేదు. పావురాలు తిరుగుతున్నాయి. బోద్వాన్ ఆ ఖాళీ పట్టాలని చూసి టోపీ తీశాడు, చావింటి ముందు నిలబడ్డట్టు.

"వెళ్ళిపోయారక్కా" అన్నాడు. "ఆవిడ బండ్లు ఎప్పుడూ ఆలస్యంగా బయల్దేరవు."

నాకు వాణ్ణి ఎలా ఓదార్చాలో తెలియలేదు. పదకొండేళ్ళు పోరినదాన్ని, ఒక్క పూట ఇవాళ తారీఖెంతరా అని ముందే అడగలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు వినిపించింది. ప్లాట్‌ఫారం చివర సమాచారం చెప్పే అద్దాల గదిలో ఎవరో ఆడమనిషి గట్టిగా పోట్లాడుతోంది. జర్మన్‌లో. నాకు సబ్బులు కొనేటంత జర్మనే వచ్చు, అయినా ఆ మాటలు అర్థమయ్యాయి.

"లేదంటే ఎలాగండీ? పన్నెండు యాభై మూడు, వియన్నా బండి! నేనే వేశాను!"

"మేడమ్, మీరు వెయ్యడమేమిటండీ, అలాంటి బండి లేదు."

"పొద్దున్నించీ చూస్తున్నా. పదకొండు పదికి బెల్జియం నుంచి రావలసింది రాలేదు. యాభై మూడుది రాలేదు. ఒకే రోజు రెండు బండ్లు చెప్పాపెట్టకుండా రద్దు చేస్తారా?"

నేను తమ్ముడివైపు చూశాను. వాడు కదలకుండా నిలబడి వింటున్నాడు. ఆవిణ్ణి వాడు ఎన్నడూ చూడలేదు. ఆ గొంతును మాత్రం పదకొండేళ్ళుగా రోజూ పొద్దున తొమ్మిదింటికి వింటున్నాడు. వాడు ఆ గదివైపు నడిచాడు, నేను వెనకే నడిచాను.

లోపల పొట్టిగా, కత్తిరించిన తెల్లజుట్టుతో ఒకావిడ మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. పక్కన రెండు పెద్ద సూట్‌కేసులు. చేతిలో రాసిన కాగితాలు.

"ఎస్సర్ గారూ" అన్నాడు బోద్వాన్. "అది పద్నాలుగో తారీఖు నుంచండీ."

"పద్నాలుగా?" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే, ఆఫీసులో ఫోన్లో అన్నట్టు. "మరి ఇవాళ..." అని ఆగిపోయింది. నెమ్మదిగా ఇటు తిరిగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరి మొహంలో చూసినా అయోమయమే. పదకొండేళ్ళు ఊహించుకున్న మనిషికీ ఎదురుగా ఉన్న మనిషికీ పోలిక కుదుర్చుకోవడానికి ఇద్దరూ అవస్థపడుతున్నారు.

"మీ పది పదమూడు రాలేదు" అంది ఆవిడ.

"అదీ పద్నాలుగు నుంచే."

"నేను రద్దు చేశారనుకున్నాను. కోపమొచ్చి ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు."

"ఎవరికి?"

ఆవిడ కాగితం తిప్పి చూసుకుంది. "మా ఆఫీసుకే. నా పేరుకే రాసినట్టున్నాను."

అద్దం వెనక ఉద్యోగి ఒకసారి ఈవిణ్ణీ, ఒకసారి మా వాణ్ణీ చూశాడు. ఇవాళ్టి వియన్నా బండి పదకొండు యాభై మూడుకే పక్క ప్లాట్‌ఫారం నుంచి వెళ్ళిపోయిందని, తిన్నగా వెళ్ళే బండి ఇక రేపు పొద్దునేనని చెప్పాడు. పదకొండు యాభై మూడుకి ఆవిడ బెంచీ మీద కూర్చుని ఫిర్యాదు రాస్తూ ఉంది. బండి ఆవిడ వెనకనుంచే పోయింది.

"సోమవారం పొద్దున నేను అక్కడ ఉండాలి" అంది ఆవిడ ఎవరికీ కానట్టు.

నేను వెనకనుంచి మా వాడి మోచెయ్యి గట్టిగా గిల్లాను.

"నేను కూడా వస్తాను" అన్నాడు.

"ఎక్కడికి?"

"వియన్నాకి."

"ఎందుకండీ, లాంబియోట్ గారూ?"

"సోమవారం తొమ్మిదింటికి నేను ఫోను చేస్తే అవతల ఎవరో ఎత్తుతారు. ఆ గొంతు మీది కాదు. నాకది వద్దు. పదకొండేళ్ళుగా ఆఖెన్‌లో ఒక నిమిషం తగ్గించమని రోజూ అడుగుతున్నానా? వాటిలో సగం రోజులు నాకు ఆ నిమిషంతో పనే లేదు. మీరు మాట్లాడతారని అడిగాను." ఒక్క గుక్కలో అనేసి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"ఏం చెప్పాలో నాకు జర్మన్‌లో తోచడం లేదు" అంది ఆవిడ. "ఫ్రెంచిలో అసలే తోచడం లేదు." అని, చేతిలో కాగితాలు సూట్‌కేసు మీద పెట్టి వాడి చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడ్డాయి.

ఆపైన జరిగినవన్నీ చకచకా జరిగిపోయాయి. రేపటి వియన్నా బండికి రెండు టికెట్లు అడిగాడు మా వాడు. ఒక్క చొక్కా అయినా తెచ్చుకోలేదురా అంటే, అక్కడ కొంటానన్నాడు. ఆఫీసు సంగతేమిట్రా అంటే, వియన్నాలో కూడా బండ్లున్నాయి కదా అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగం గురించి వాడు అన్న మాట అంతే. పాకం సీసా ఆవిడకిచ్చాను. ఆవిడ నన్ను కావలించుకుంది. సబ్బు వాసన వేసింది, నేను వాడే సబ్బే.

ముగ్గురం స్టేషన్లోనే కాఫీ తాగాం. వాళ్ళిద్దరూ అప్పుడే ఏదో నిమిషం గురించి వాదులాడుకుంటున్నారు. కాసేపటికి వాడు నా వైపు తిరిగి, "మరి నువ్వెలా వెళ్తావక్కా?" అన్నాడు, అప్పుడే గుర్తొచ్చినట్టు.

"నాకు తిరుగు టికెట్ ఉందిరా" అన్నాను.

వాళ్ళని అక్కడ వదిలి మెట్లు దిగాను. పదకొండేళ్ళు వాణ్ణి తోస్తూనే ఉన్నాను. వాడు కదిలాక నేనేం చెయ్యాలో ఒక్కనాడూ ఆలోచించలేదు. సంతోషంగా ఉంది. ఏడుపొస్తోంది. రెండిట్లో ఏది నిజమో తెలియక మెట్ల కింద జనంలో కాసేపు నిలబడిపోయాను. ఇంటికి వెళ్ళాక నిన్నటి మాంసం ఉండలు వెచ్చపెట్టుకోవాలి, ఒక్కదానికే.

ఆఖెన్ బండి తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫారం మీదకి వస్తుందని నా ముందే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా పక్కన నిలబడ్డ ముసలాయన్ని అడిగాను. ఆయన చెప్పాడు. మళ్ళీ అడిగాను.